కాపరి వాక్యాల్ని గోడ మీంచి దించి రోజూ పనిలో పెట్టడం ఎలా

"యెహోవా నా కాపరి" వాక్యం మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో క్రైస్తవుల ఇళ్ళల్లో ఎక్కడ చూసినా ఉంటాది. గోడ గడియారం మీద, ఆటో వెనకాల, పెళ్ళి కార్డు మీద, ఆఖరికి సమాధి రాయి మీద కూడా. 23వ కీర్తనలో ఉన్నవి ఆరు వచనాలే కాబట్టి సండే స్కూల్ గుంటలు ఊపిరి పీల్చకుండా అప్పజెప్పీగలరు. కానీ సోమవారం పొద్దున్న టిఫిన్ డబ్బాలు సర్దుకుంటున్నప్పుడు ఆ వాక్యంతో ఏటి చెయ్యాలండీ అని అడిగితే మాత్రం, ధైర్యంగా ఉంటాది కదా అంటాం, అక్కడితో ఆగిపోద్ది.

నేను చెప్పేది ఏటంటే, బైబిల్లో గొర్రెల మాటెత్తిన చాలామంది నిజంగా గొర్రెలు కాసినోళ్ళు. యాకోబు తన మామ లాబాను దగ్గర 20 ఏళ్ళు కొలువు చేసి, పగలు ఎండకీ రాత్రి మంచుకీ నలిగిపోయాను, కంటికి నిద్ర లేదు అని మొహం మీదే చెప్పాడు (ఆదికాండము 31:40). మోషే మామగారి మంద కాసాడు, దావీదు అన్నలు యుద్ధానికి వెళ్తే తను తండ్రి గొర్రెల దగ్గర ఉన్నాడు, ఆమోసు తెకోవ కాపరుల్లో ఒకడు. వాళ్ళకి కాపరి అంటే పొద్దున్న లేచింది మొదలు చేతులతో చేసే పని. అందుకే ఆ వాక్యాల్లో ప్రతిదాని వెనకాల ఒక పని ఉంటాది, లెక్కపెట్టడం, నీళ్ళకి తీసుకెళ్ళడం, కట్టు కట్టడం, వెతకడం. ఆ పనుల్ని ఒక్కొక్కటే మన ఇంట్లోకి ఎలా తెచ్చుకోవాలో రాస్తన్నాను. అన్నీ ఒకే వారంలో మొదలెట్టీకండి, ఒకటి అలవాటయ్యాక ఇంకోటి.

ఒకటి. ముందు ఒక మందని దగ్గరగా చూసి రండి

పల్లెలో పెరిగినోళ్ళకి ఇది అక్కర్లేదు, దాటీసి కిందకి వెళ్ళిపోండి. టౌన్లో పెరిగినోళ్ళకి మాత్రం గొర్రె అంటే క్రిస్మస్ డ్రామాలో తలకి తువ్వాలు చుట్టుకున్న గుంటలు చంకలో పెట్టుకొచ్చే దూది బొమ్మ, అంతే. సంక్రాంతి దాటాక, వరి కోతలు అయిపోయి పొలాలు ఖాళీ అయ్యాక, రాజాం, చీపురుపల్లి, నరసన్నపేట చుట్టుపక్కల ఊళ్ళ వైపు వెళ్ళండి, మందలు కనబడతాయి. ఎరువు కోసం రైతులు రాత్రిళ్ళు పొలంలో మంద కట్టించుకుంటారు. చీకటి పడేముందు చేరుకుని, కాపరి పెద్దాయన్ని "మామా, కాసేపు కూర్చుని చూస్తాం" అని అడగండి. మీరు ఆయన దగ్గర నేర్చుకోడానికి వెళ్తన్నారు కాబట్టి కరపత్రాలు ఇంటి దగ్గరే పెట్టి వెళ్ళండి, ఆయన దేవుళ్ళు ఆయనకి ఉంటారు, ఆ పూట ఆయనే మీకు మాస్టారు.

ఏటి చూడాలంటే, మంద లోపలకి వెళ్ళేటప్పుడు చూడండి. కంప దడికి ఒకపక్క ఒక గొర్రె పట్టేంత సందు వదుల్తారు, ఆయన ఆ సందు పక్కన నిలబడతాడు, ఒక్కో గొర్రె దూరుతుంటే వీపు మీద చెయ్యి ఆనుద్ది. నోట్లో లెక్క నడుస్తా ఉంటాది కానీ చెయ్యి వేరే పని చేస్తా ఉంటాది, ఏది చిక్కింది, దేనికి ఒళ్ళు కాలతంది, దేని తొడకి ముల్లు గుచ్చుకుంది అన్నది ఆ ఒక్క తాకుడులో తెలిసిపోద్ది. మందలు లెక్కపెట్టేవాడి చేతి కింద నడుస్తాయి అని యిర్మీయా 33:13లో ఉన్నది ఇదే.

కొన్ని తేడాలు కూడా తెలుసుకోవాలి. మన దగ్గర మందని ఎక్కువగా వెనకనుంచి తోలతారు, యేసు ప్రభువు చెప్పిన కాపరి ముందు నడుస్తాడు, గొర్రెలు వెనకాల వస్తాయి (యోహాను 10:4). అలగే పచ్చిక అనగానే కోనసీమలా ఊహించుకోకండి. దావీదు తిరిగిన బేత్లెహేము తూర్పు వైపంతా యూదయ ఎడారి, అక్కడ వానలు చలికాలంలోనే, ఎండాకాలం చుక్క పడదు, గడ్డి అక్కడో కాస్త ఇక్కడో కాస్త మొలుస్తాది, ఎక్కడుందో కాపరికే తెలుస్తాది. "నాకు లేమి కలుగదు" అన్నవాడు ఏడాదంతా పచ్చగా ఉన్న చోట కూర్చుని అనలేదు. మన దగ్గర వేసవిలో తుమ్మకాయలు రాల్చి మందని గట్టెక్కించే కాపరికి ఆ మాట బాగా అర్థమవుద్ది, డ్వాక్రా వాయిదా కట్టాక మిగిలిన డబ్బుతో నెలాఖరు దాకా ఇల్లు నడిపే ఆడమనిషికీ అర్థమవుద్ది.

రెండు. పేర్లు రాసుకోండి

"నీ పశువుల స్థితి జాగ్రత్తగా తెలిసికొనుము" అని సామెతలు 27:23. ఒక నోట్‌బుక్ తీసుకోండి, పిల్లల పాత రఫ్ బుక్ ఐనా పర్లేదు. దేవుడు మీ చేతి కింద పెట్టినోళ్ళ పేర్లు రాయండి. ఇంట్లోవాళ్ళు, అత్తమామలు, హైదరాబాద్‌లో సెంట్రింగ్ పనికి వెళ్ళిన తమ్ముడు, ఎదురింట్లో ఒంటరిగా ఉండే ముసలమ్మ, మీ కొట్లో పనిచేసే కుర్రాడు, సండే స్కూల్లో మీ క్లాసు. పదిహేను పేర్లు దాటనివ్వకండి, ఊరంతా రాసీస్తే ఎవర్నీ చూడలేరు. పేరు అంటే పేరే, "రాజాం పెద్దమ్మ రెండో కోడలు" అని కాదు, ఆ అమ్మాయికి ఒక పేరుంది, కాపరి సొంత గొర్రెల్ని పేరు పెట్టి పిలుస్తాడు అని యోహాను 10:3లో ఉంది.

చివర్లో మీ పేరు కూడా రాయండి. మీరూ గొర్రే. పాస్టర్ గారూ గొర్రే, ఆ మాటకొస్తే అయ్యగార్ని బాగున్నారా అని అడిగేవాళ్ళే సంఘంలో తక్కువ, ఆయన పేరు ఎవరి నోట్‌బుక్‌లోనూ ఉండదు. మీ పేరు ఎదురుగా, నా సంగతి ఎవరు చూస్తారు అన్నది రాసుకోండి. అక్కడ ఖాళీ ఉంటే ముందు ఆ ఖాళీ పూడ్చుకోండి, ఎవరో ఒక పెద్దావిడని అడగండి, అక్కా నెలకోసారి నన్ను కూర్చోబెట్టి నిజం అడుగు అని.

శనివారం సాయంత్రం నోట్‌బుక్ తీసి చదవండి. ఏ పేరు దగ్గర "ఈ మధ్య ఎలా ఉందో తెలీదు" అనిపిస్తే ఆ మనిషికి ఫోన్ చెయ్యండి, వీలైతే వెళ్ళండి. పొద్దున్నే వాట్సాప్‌లో గులాబీ పువ్వు మీద వాక్యం పెట్టి పంపడం లెక్కలోకి రాదు, అది అందరికీ ఒకేసారి పోద్ది, దానివల్ల ఎవరి ఒళ్ళు కాలతందో తెలీదు.

మూడు. ఏ గొర్రెకి ఏమైందో చూసి దానికి తగ్గ పని చెయ్యండి

అన్నిటికంటే ముఖ్యమైంది ఇదే కాబట్టి కాస్త ఎక్కువ రాస్తన్నాను.

యెహెజ్కేలు 34వ అధ్యాయం దేవుడు ఇశ్రాయేలు కాపరుల మీద కోప్పడిన అధ్యాయం. మీరు కొవ్వు తింటారు, బొచ్చు కప్పుకుంటారు, మందని మాత్రం మేపరు అని మొదలెట్టి, నాలుగో వచనంలో వాళ్ళు చెయ్యని పనులు వరసగా చెప్తాడు. బలహీనమైనదాన్ని బలపరచలేదు, రోగం ఉన్నదాన్ని బాగుచెయ్యలేదు, గాయపడినదానికి కట్టు కట్టలేదు, తోలివేసినదాన్ని తిరిగి తోలుకురాలేదు, తప్పిపోయినదాన్ని వెతకలేదు. ఐదు రకాలు, ఐదు పనులు. మనం ఏటి చేస్తాం, ఐదు రకాలకీ ఒకే మందు, "ప్రార్థన చెయ్యండమ్మా, దేవుడున్నాడు". కాలికి గాయమైన గొర్రెకి నట్టల మందు పట్టిస్తే ఏటి లాభం చెప్పండి. నోట్‌బుక్‌లో ప్రతి పేరు పక్కన ఈ ఐదిట్లో ఏది అన్నది ఒక్క ముక్క రాయండి. ఏదీ కాకపోతే బాగుంది అని రాయండి, బాగున్నోళ్ళని ఊరికే కెలకొద్దు.

బలహీనం అంటే పాపం చేసినట్టు కాదు, ఓపిక లేదు అంతే. బాలింత, ఉపాధి హామీ పనికి వెళ్ళొచ్చి మళ్ళీ ఇంట్లో పదిమందికి వండే మనిషి, పైడిభీమవరం వైపు కంపెనీల్లో నైట్ డ్యూటీలు చేసే కుర్రోళ్ళు. వీళ్ళకి ఉపవాస కూడికకి రాలేదేం అని అడగొద్దు. ఒక పూట వాళ్ళ పిల్లల్ని మీ ఇంట్లో ఉంచుకోండి, చోడి అంబలో కూరో గిన్నెలో పట్టుకెళ్ళండి. ఏలీయా చచ్చిపోతాను ప్రభువా అని చెట్టు కింద పడుకుంటే దూత ముందు రొట్టె, నీళ్ళే ఇచ్చాడు, ప్రసంగం చెయ్యలేదు.

రోగం అంటే ఆస్పత్రి. ప్రార్థన చేసి ఆస్పత్రికి తీసుకెళ్ళండి, రెండూ చెయ్యండి.

గాయం సంగతి కొంచెం వేరు. వానాకాలంలో బురదలో తిరిగి గొర్రెకి గిట్టల మధ్య కుళ్ళు పడుద్ది, కుంటుకుంటా మంద వెనకాల మిగిలిపోద్ది. కాపరి దాన్ని పట్టుకుని కూలేసి, మోకాళ్ళ మధ్య బిగించి, గిట్ట సందులో ఇరుక్కున్న మట్టీ రాయీ వేలితో తీసి, చెడిపోయిన గిట్ట కొన కత్తితో చెక్కి, మైలుతుత్తం నీళ్ళతో కడుగుతాడు. వాసన కొడుద్ది, గొర్రె తన్నుద్ది కూడా. ఆయన మొహం చిట్లించడు, దాని మీద అరవడు, పనైపోయాక పొడి నేల మీద వదిలి రెండు రోజులు మందతో దూరం తోలకుండా ఇంటి దగ్గరే ఉంచుతాడు. మనుషులకీ ఇంతే, దగ్గరికెళ్ళాలి, తన్నులు తినడానికి సిద్ధంగా ఉండాలి, తర్వాత కొన్నాళ్ళు పని చెప్పకూడదు. ఇంకో మాట, కట్టు అంటే మూసి ఉంచడం. మీకు చెప్పుకున్న గాయాన్ని పదిమందిలో ప్రార్థన మనవిగా లేపొద్దు. "ఫలానా సిస్టర్ కాపురం గురించి ప్రార్థిద్దాం" అని మైకులో అంటే ఊరికి తెలిసిపోయినట్టే, అది చాడీకి ఆమేన్ తగిలించడం. ఒకవేళ ఆ గాయం మొగుడు కొట్టింది ఐతే ఓర్చుకోమ్మా అని సలహా ఇవ్వకండి, 181కి ఫోన్ చేసేటప్పుడు పక్కన కూర్చోండి, రాత్రికి పడుకోడానికి చోటివ్వండి.

తోలివేసినదీ తప్పిపోయినదీ ఒకటే అనుకుంటాం, కాదు. తప్పిపోయిన గొర్రె గడ్డి చూసుకుంటా చూసుకుంటా తనే పోయింది. తోలివేసినదాన్ని ఎవరో కొమ్ములతో పొడిచి బయటికి నెట్టీసారు. మీ సంఘంలోంచి వెళ్ళిపోయినోళ్ళ పేర్లు ఒకసారి తలుచుకోండి, చాలామంది రెండో రకమే. కట్నం మాటల్లో అవమానపడ్డోళ్ళు, కమిటీ ఎలక్షన్లో ఓడిపోయినోళ్ళు, కులం మాట పడ్డోళ్ళు, అమ్మాయి ప్రేమ పెళ్ళి చేసుకుందని ప్రభువు బల్ల దగ్గర ఆపితే తలొంచుకుని వెళ్ళిపోయినోళ్ళు. వీళ్ళ దగ్గరికి "తిరిగి రండి బ్రదర్" అని వెళ్తే మండుద్ది. ముందు క్షమాపణ, అదీ నెట్టినోళ్ళే వెళ్ళి చెప్పాలి.

నాలుగు. నడక వేగం చిన్నదాన్ని బట్టి పెట్టుకోండి

ఏశావు, కలిసి ప్రయాణం చేద్దాం రా అన్నప్పుడు యాకోబు ఒప్పుకోలేదు. పిల్లలు పసివాళ్ళు, పాలిచ్చే గొర్రెలున్నాయి, ఒక్కరోజు వడిగా తోలితే మందంతా చస్తుంది, వాటి నడకకి తగ్గట్టు మెల్లగా వస్తాను అన్నాడు (ఆదికాండము 33:13, 14). యెషయా 40:11లో దేవుడూ అంతే, పిల్లల్ని రొమ్మున ఆనించుకుని మోస్తాడు, పాలిచ్చేవాటిని మెల్లగా నడిపిస్తాడు.

ఇంట్లో దీన్ని కుటుంబ ప్రార్థనతో మొదలెట్టండి. అందరిలో చిన్నోడు ఎంతసేపు కూర్చోగలడో అంతే పెట్టండి. ఒక పాట, పది వచనాలు, ఒక్క ప్రార్థన, పది నిమిషాల్లో అయిపోవాలి. నాన్నగారు ప్రార్థనలో భూమి పుట్టిన దగ్గర్నుంచి మొదలెట్టి వరసగా చుట్టాలందరి పేర్లూ చదువుతుంటే గుంటలు మోకాళ్ళ మీదే నిద్రపోతారు, తర్వాత ప్రార్థన అంటేనే పారిపోతారు. వేరే ఇంటి నుంచి వచ్చిన కోడలికి మన పాటలు రావు, మన పద్ధతులు రావు, మొదటి ఏడాది కూర్చుని వింటే చాలు, అందరి ముందూ "నువ్వు ప్రార్థన చెయ్యమ్మా" అని ఇరికించొద్దు. కొత్తగా బాప్తిస్మం తీసుకున్నోళ్ళ మీద వెంటనే నలభై రోజుల ఉపవాసాలు పెట్టొద్దు.

ఇక్కడే ఒక కథ గురించి చెప్పాలి. మాట వినని గొర్రెపిల్ల కాలు కాపరే విరగ్గొట్టి, మళ్ళీ కట్టుకట్టి, బాగయ్యేదాకా భుజాన మోస్తాడని చాలా కూటాల్లో చెప్తారు. బైబిల్లో అలాంటి వచనం లేదు. కాలు విరిగిన గొర్రెని మోసుకుంటా కొండలెక్కే కాపరి మిగతా మందని ఎప్పుడు కాస్తాడు? మన కాపరి మామని అడిగితే నవ్వుతాడు. దావీదు కర్రో చెయ్యో ఎత్తింది సింహం మీద, ఎలుగుబంటి మీద (1 సమూయేలు 17:34, 35), గొర్రెపిల్ల మీద కాదు. జీడితోటల్లోకి ఎలుగులు దిగే ఉద్దానం వాళ్ళకి దానికెంత గుండె కావాలో చెప్పక్కర్లేదు. 23వ కీర్తనలో ఉన్న "దుడ్డుకర్ర" మాట చూపించి పిల్లల్ని బెల్టుతో కొట్టేవాళ్ళు ఆ కథని పక్కన పెట్టీసి, కర్ర ఎవరి మీద ఎత్తాలో మళ్ళీ చదువుకోవాలి.

ఐదు. నిలవ నీళ్ళు, నీడ, నెమరు

గెడ్డ పొంగి పారుతుంటే గొర్రె మూతి పెట్టదు, భయం. కాపరి మళ్ళించి చెరువు గట్టుకో కోనేరుకో తీసుకెళ్తాడు. పొద్దున్న కళ్ళు తెరవగానే ఫోన్లో రీల్స్ చూడ్డం పొంగే గెడ్డలో మూతి పెట్టడమే. మీకు నిలవ నీళ్ళు ఎక్కడ దొరుకుతాయో మీరే చూసుకోవాలి, కొందరికి తెల్లారకముందు అరుగు మీద, నైట్ డ్యూటీ నుంచి వచ్చినోళ్ళకి పొద్దున్న ఎనిమిదికి పడుకునే ముందు, పలాసలో జీడి పనికి వెళ్ళే అక్కలకి షేర్ ఆటోలో కూడా. తెల్లారి నాలుగింటికే లేవాలి అన్న రూలు ఎక్కడా లేదు.

చదివేది తక్కువ పెట్టుకోండి. గొర్రె పొద్దున్న మేసి, ఎండ ముదిరాక నీడన పడుకుని మధ్యాహ్నమంతా నెమరేస్తాది, మేత ఒంటబట్టేది అప్పుడే. రెండు మూడు వచనాలు చదివి, మధ్యాహ్నం అన్నం తిన్నాక అదే మళ్ళీ గుర్తు చేసుకోండి, ఇందులో నేను ఇవాళ చెయ్యాల్సింది ఏటి అని. అంతకంటే ఏం అక్కర్లేదు.

ఎక్కువ మేస్తే మంచిదే కదా అనుకుంటారేమో. తొలకరికి లేత గడ్డి మొలిచినప్పుడు ఆకలి మీదున్న గొర్రెల్ని దాని మీదకి వదిలీస్తే ఆబగా మేసీసి చిటుకు రోగంతో పొద్దుటికి చచ్చి పడుంటాయి, అదీ మందలో బాగా బలిసిన గొర్రెలే. అందుకే వానలకి ముందే టీకా వేయించి, కాస్త ఎండు మేత పెట్టాకే బయటికి తోలతారు. యూట్యూబ్‌లో రోజుకి నాలుగు ప్రసంగాలు, ప్రతి నెలా ఒక మహాసభ, ప్రతి వారం కొత్త ప్రవచనం అని పరిగెత్తే కొత్త విశ్వాసుల్ని చూస్తే నాకు ఈ రోగమే గుర్తొస్తాది.

ఆరు. పక్కవాడి నీళ్ళు కలకబెట్టకండి

యెహెజ్కేలు 34లో కాపరుల్ని తిట్టాక దేవుడు గొర్రెల వైపు తిరుగుతాడు, ఈ భాగం చదివేవాళ్ళు తక్కువ. 18 నుంచి 21 వరకు చూడండి. మంచి మేత మేసి మిగిలింది కాళ్ళతో తొక్కుతారా, తేట నీళ్ళు తాగి మిగిలింది కలకచేస్తారా, బలిసిన గొర్రెలు భుజంతోటీ పక్కతోటీ నెట్టి బక్కవాటిని పొడుస్తాయి అంటాడు. తోడేలు చేసిన పని కాదు ఇది, సాటి గొర్రె చేసింది.

ఇంటికొచ్చాక మీకు మీరు అడుక్కోండి. పెళ్ళి భోజనాల్లో "మీవోడు ఇంకా ఖాళీయేనా" అని నలుగురి ముందూ అడిగానా, పిల్లల్లేని అమ్మాయిని డేట్ అడిగానా. సంఘంలో ఫ్యాన్ కింద కుర్చీ ప్రతి ఆదివారం నాదేనా. అందరూ ప్రార్థన చేసే చోట నేనొక్కడ్నే అరగంట తినీసానా. వాట్సాప్ గ్రూపులో పార్టీ గొడవ పెట్టానా. పదో తరగతి పరీక్షల టైంలో మైకు సౌండు తగ్గించానా, ఆ చదువుకునే గుంటల్లో మన సంఘం వాళ్ళూ ఉంటారు, పక్క వీధి వాళ్ళూ ఉంటారు. వారానికి ఒక్క ప్రశ్న తీసుకుంటే చాలు.

ఏడు. పోయినదాని వెనక వెళ్ళేటప్పుడు

100 గొర్రెల్లో ఒకటి పోతే దొరికేదాకా వెతకడం లూకా 15లో ఉంది, మత్తయి 18లో కూడా ఉంది. మత్తయిలో ఆ ఉపమానం అయిపోయిన వెంటనే, 15వ వచనంలో, నీ సహోదరుడు తప్పు చేస్తే నువ్వు వెళ్ళి ఒంటరిగా మాట్లాడు అని ఉంటాది. ఆ రెండూ కలిపి చదివితే పద్ధతి తెలుస్తాది, ఒక్కరే వెళ్ళాలి. మనం ఏం చేస్తాం, ఐదుగురు పెద్దలు తెల్ల చొక్కాలేసుకుని బైబిళ్ళు పట్టుకుని వెళ్తాం, వాడు వెనక గుమ్మంలోంచి పారిపోతాడు.

ఒక్కరే వెళ్ళండి, ఆదివారం కాకుండా వేరే రోజు. "ఎందుకు రావట్లేదు" అన్నది మొదటి మాట కాకూడదు, రెండో మాట కూడా కాకూడదు. వాడి పని గురించి, వాళ్ళమ్మ కంటి ఆపరేషన్ గురించి అడగండి. టీ ఇస్తే తాగండి, లుంగీ మీదే కూర్చుంటే మీరూ చాప మీద కూర్చోండి. తాగి ఉంటే ఆ రోజు వచ్చీండి, గొడవ పడకండి, మళ్ళీ వెళ్ళండి. చెన్నైలోనో హైదరాబాద్‌లోనో ఉంటే ఫోన్ చెయ్యండి, పండక్కి వచ్చినప్పుడు ముందు మీరే బస్టాండుకి వెళ్ళండి. తిరిగొచ్చిన రోజున సాక్ష్యం చెప్పమని మైకు చేతికివ్వకండి. లూకాలో కాపరి గొర్రెని భుజం మీద వేసుకుని ఇంటికొచ్చి పొరుగువాళ్ళని పిలిచి సంతోషించాడు, గొర్రె చేత క్షమాపణ చెప్పించలేదు. బిర్యానీ పెట్టండి చాలు.

ఎనిమిది. ఎవరి గొంతో పోల్చుకోండి

గొర్రెలు తెలియనివాడి వెంట పోవు, పారిపోతాయి అని యోహాను 10:5. కాబట్టి గొర్రె అంటే బుర్ర పక్కన పెట్టి తలూపేది అని కాదు. ఎవరు బోధించినా రెండు చూడండి, తోడేలు వచ్చినప్పుడు ఉంటాడా పారిపోతాడా (యోహాను 10:12), మంద మీద పెత్తనం చేస్తాడా మాదిరిగా ఉంటాడా (1 పేతురు 5:3). ఫోన్‌పే నంబరు ముందు చూపించి అద్భుతం తర్వాత అనేవాళ్ళకి దూరంగా ఉండండి. మందులు మానీండి, డయాలసిస్ ఆపీండి, విశ్వాసం చాలు అని ఎవరైనా అంటే ఆ కూటంలోంచి లేచి వచ్చీండి, మీతో వచ్చినోళ్ళని కూడా లేపుకొచ్చీండి. ఇక్కడ మొహమాటం పనికిరాదు.

తొమ్మిది. లోయలోకి తోడు వెళ్ళండి

"గాఢాంధకారపు లోయలో నేను సంచరించినను ఏ అపాయమునకు భయపడను, నీవు నాకు తోడైయుందువు". లోయ తీసీస్తాను అనలేదు, తోడుంటాను అన్నాడు, మనం చెయ్యగలిగిందీ అదే. ఉద్దానంలో కిడ్నీ జబ్బు లేని వీధి వెతకాలి. పలాసలో 2023 డిసెంబర్‌లో కిడ్నీ ఆస్పత్రి తెరిచాక దూరం తగ్గింది కానీ, డయాలసిస్ అంటే వారానికి రెండు మూడుసార్లు, వెళ్ళిన ప్రతిసారీ మంచం మీద దగ్గర దగ్గర నాలుగు గంటలు. ఇంట్లో ఒకడే సంపాదించేవాడైతే తోడొచ్చే మనిషికి ఆరోజు కూలి పోద్ది.

సంఘంలో నలుగురు కలిసి రోజులు పంచుకోండి, మంగళవారం ఒకరు, శుక్రవారం ఒకరు. వెళ్ళినోళ్ళు పక్కన కుర్చీలో కూర్చోవాలి, అడిగితేనే వాక్యం చదవాలి, నిద్రపోతే పోనివ్వాలి. నీళ్ళు ఎంత తాగొచ్చో, ఏం తినొచ్చో నర్సుని అడిగి తెలుసుకోండి, ప్రేమ కొద్దీ కొబ్బరినీళ్ళు, అరటిపళ్ళు పట్టుకెళ్ళకండి, కిడ్నీ జబ్బులో పొటాషియం ప్రమాదం. ఆటో డబ్బులు మీరే ఇవ్వండి, కానీ అందరి ముందూ ఇవ్వకండి. మొదటి నెల చుట్టాలూ సంఘస్తులూ అందరూ వస్తారు, మూడో నెలకి ఎవరూ ఉండరు, కాబట్టి మీ పేరు మూడో నెలలో రాయించుకోండి.